ఇరవై ఎనిమిదిని ఎంతమందితో భాగించాలి

పోయినవారం టోబిన్ వాక్టర్‌ని వర్జిల్ బ్రెకీ గారింటి ఫ్రిజ్ ముందు నిలబెట్టి వదిలేశాం. పాపం, వారం రోజులుగా అక్కడే నిలబడి ఉన్నాడు. కాళ్ళు లాగుతుంటాయి, ముందు అతన్ని కదిలిద్దాం.

ఆ ఫ్రిజ్ తలుపు మీద, ఆవు బొమ్మ అయస్కాంతం కింద, ఒక చీటీ ఉంటుంది. చీటీ మీద వర్జిల్ చేతిరాతతో ఏడంకెల నంబరు. వయోమింగ్ కొండల్లో ఎల్క్ దుప్పిని వేటాడేందుకిచ్చే అనుమతి ట్యాగు కోసం వర్జిల్, ఆయన బావమరిది ఓరిన్ జట్టుగా పెట్టుకున్న దరఖాస్తు నంబరది. జనవరిలో ఒకరోజు టోబిన్ కాఫీలోకి పాలు తీసుకుందామని వెళ్ళి ఆ చీటీ చూశాడు. వర్జిల్ కూతురు జెనెల్‌ని ఈ జూన్‌లో పెళ్ళి చేసుకోబోతున్నాడు గదా, కాబోయే మామగారి మనసు గెలుద్దామనుకున్నాడు. ఎవరికీ చెప్పకుండా ఆ నంబరు కొట్టి తన పేరు కూడా జట్టులో చేర్చేశాడు. డ్రా అయ్యాక చెప్పి అందర్నీ ఆశ్చర్యపరచాలని ఆలోచన. పోయినవారం ఆగలేక జెనెల్‌కి చెప్పేశాడు. మెచ్చుకుంటుందనుకున్నాడు. ఆమె ఫ్రిజ్‌కి ఆనుకుని నెమ్మదిగా జారి నేలమీద కూర్చుండిపోయింది.

"టోబిన్, నీ దగ్గర ఎన్ని పాయింట్లున్నాయి?" అని అడిగింది.

"పాయింట్లంటే?" అన్నాడు టోబిన్.

స్కోగెన్ ఊళ్ళో ఈ ప్రశ్న వేసినవాడికి ఎవరూ పిల్లనివ్వరు. వయోమింగ్ వాళ్ళు తమ దుప్పుల్ని తమ రాష్ట్రం వాళ్ళకి చూసీ చూడనట్టు ఇచ్చుకుంటారు గానీ, మన విస్కాన్సిన్ వాళ్ళలాంటి బయటివాళ్ళని మాత్రం వరసలో నిలబెడతారు. ఫిబ్రవరి మొదట్లో దరఖాస్తుకి గడువు. మే నడుమ డ్రా. ట్యాగు రానివాళ్ళు ఏడాదికో పాయింటు చొప్పున పోగేసుకుంటూ ముసలివాళ్ళవుతారు. పాయింట్లు ఎక్కువున్నవాళ్ళకే ముందు ట్యాగులు. జట్టుగా పెడితే అందరి పాయింట్లూ కూడి, మనుషుల లెక్కన భాగించి, ఆ వచ్చినదాన్నే జట్టు బలంగా చూస్తారు.

వర్జిల్‌కి పద్నాలుగు పాయింట్లు. ఓరిన్‌కి పద్నాలుగు. పోయినేడు వాళ్ళడిగిన కొండకి పదమూడున్నర కావలసి వచ్చింది. అప్పుడు వీళ్ళ దగ్గరున్నవి పదమూడు. అర పాయింటుతో పోయింది. ఆ వార్త విని ఊళ్ళో ఆవులన్నీ పాలు తగ్గించేశాయని చెప్పుకుంటారు. నిజానికి తగ్గింది నాలుగు లీటర్లే. టోబిన్‌కి తెలుసు, కొలిచింది అతనే.

ఎందుకంటే అతని ఉద్యోగమే అది. ఊరి చీజ్ ఫ్యాక్టరీ ల్యాబులో పాలు పరీక్షిస్తాడు. రైతుల పాలలో గరిటెడు నీళ్ళు కలిసినా పట్టేస్తాడు. రెండేళ్ళ కింద వర్జిల్ పాలట్యాంకరు ఒకటి నీళ్ళ శాతం ఎక్కువైందని వెనక్కి పంపించాడు. అదే వాళ్ళ తొలి పరిచయం. ఆ నీళ్ళు గొట్టం కడిగినప్పుడు మిగిలినవని తర్వాత తేలింది, గొడవ సర్దుకుంది, ఆ గొడవలోనే జెనెల్ కూడా పరిచయమైంది. అయినా ఈనాటికీ వర్జిల్ అతన్ని పేరుపెట్టి పిలవడు. 'ల్యాబ్' అంటాడు.

అలాంటివాడు సున్నా పాయింట్లతో పోయి పద్నాలుగు పాయింట్ల జట్టులో పడ్డాడు.

*

ఈవేళ మే నెల మొదటి శుక్రవారం. పెట్టిన దరఖాస్తులో మార్పులు చేసుకోవడానికీ, వద్దనుకున్నవాళ్ళు తప్పుకోవడానికీ వయోమింగ్ వాళ్ళిచ్చిన ఆఖరి రోజు. ఇవాళ దాటితే పేర్లు డ్రాలోకి వెళ్ళిపోతాయి, ఇక దేవుడు కూడా దిద్దలేడు. శుక్రవారమంటే స్కోగెన్‌లో చేపల రోజు కూడా. పొలాలవాళ్ళు, ఫ్యాక్టరీవాళ్ళు, చర్చివాళ్ళు, చర్చి మానేసినవాళ్ళు అందరూ సాయంత్రం అయిదున్నరకల్లా హైవే పక్క సప్పర్ క్లబ్బులో చేరి వేయించిన చేప, బంగాళాదుంప అట్లు, క్యాబేజీ సలాడు తింటారు. వర్జిల్ కుటుంబానికి కిటికీ పక్క బల్ల. ఆ బల్ల దగ్గర ఆయన తాత కూర్చున్నాడట, తండ్రి కూర్చున్నాడు. ఆ సీట్లో పడ్డ గుంట బ్రెకీ వంశానిదే, వేరేవాళ్ళు కూర్చుంటే పక్కకి ఒరిగిపోతారు.

టోబిన్‌కి గుట్టుచప్పుడు కాకుండా తప్పుకునే దారి ఉంది. ఫోన్లో రెండుసార్లు నొక్కితే చాలు, ఎవరికీ ఏమీ తెలీదు. వారం రోజుల్లో పదిసార్లు, తన పేరొక్కటే కనిపించే ఆ పేజీ తెరిచాడు. నొక్కలేకపోయాడు. భయం వల్ల కాదు. నిజం చెప్పాలంటే అతనికి ఆ జట్టులో ఉండాలని ఉంది. చిన్నప్పుడు వాళ్ళ నాన్న అతన్ని తీసుకెళ్ళిన అతి దూరమైన ప్రదేశం పళ్ళ డాక్టరు దగ్గరికి. ఇరవై తొమ్మిదేళ్ళ వయసులో మొదటిసారి, చేరినరోజు జాబితాలో 'వర్జిల్ బ్రెకీ' అన్న పేరు కింద తన పేరు చూసుకున్నాడు. ఆ పేరు తన చేత్తో తనే ఎలా కొట్టేసుకుంటాడు?

పోనీ ఉంచేసుకుందామంటే ముసలాయన ఎల్క్ పోతుంది. వర్జిల్‌కి అరవై ఆరు. వచ్చే డిసెంబరులో మోకాలి ఆపరేషను. అంత ఎత్తు కొండ ఎక్కాలంటే ఈ శరత్తే ఆఖరు. పైగా మన దగ్గర పాయింట్లు పెరిగేకొద్దీ ఆ కొండకి కావలసినవీ పెరుగుతుంటాయి, ఎండమావి దగ్గరికెళ్ళే కొద్దీ జరిగినట్టు. ఈ ఏడే అందితే అందినట్టు.

చేప వచ్చేలోగా చెప్పేయమని కార్లోనే జెనెల్ హెచ్చరించింది. చేప వచ్చాక నాన్నకి చెవులు పనిచేయవంది.

బల్ల దగ్గర ఓరిన్ అప్పటికే గంట నుంచి మాట్లాడుతున్నాడు. అరవై నాలుగేళ్ళ బ్రహ్మచారి, చలికాలమంతా రోడ్లమీద మంచు ఊడ్చే లారీ నడుపుతాడు. మంచుతో మాట్లాడి మాట్లాడి అలవాటైపోయి మనుషులతోనూ ఆపకుండా మాట్లాడతాడు. వర్జిల్ సంగతి వేరు. ఆయన రోజుకి పదకొండు మాటలు మాట్లాడతాడు, అందులో ఆరు ఆవులతో. ఓరిన్ జనవరి నుంచి వీపున ఉప్పుబస్తా కట్టుకుని పశువులకొట్టం మెట్లు రోజుకి నలభైసార్లు ఎక్కి దిగుతున్నాడట. పన్నెండు పౌన్లు తగ్గాడట. మెట్లే రెండంగుళాలు అరిగాయట. మగ ఎల్క్ కూతని గొట్టంలో ఊది సాధన చేస్తుంటే మూడు మైళ్ళ దూరంలో ఒక గుర్రం ఊరొదిలి వెళ్ళిపోయిందట. ఈసారి పద్నాలుగుతో ట్యాగు రాకపోవడం జరగని పనని, తను కాగితం మీద ఆరు రకాలుగా లెక్కవేశానని, ఆరింటిలోనూ వచ్చిందని చెబుతున్నాడు.

వర్జిల్ భార్య డార్లీన్ ముల్లంగి ముక్క కొరుకుతూ వింటోంది. వెనక బల్ల దగ్గర ఊరి పాస్టరమ్మ సిగ్రిడ్ హౌగ్ ఒక్కర్తే కూర్చుని ఈ కబుర్లు వినపడనట్టు వింటోంది.

బల్ల కింద జెనెల్ కాలు టోబిన్ కాలిని తన్నింది. ఒకసారి మెత్తగా, రెండోసారి పెళ్ళయ్యాక తన్నబోయేట్టు.

"బ్రెకీ గారూ," అన్నాడు టోబిన్. గొంతు ఎవరిదో అనిపించింది. "మీ జట్టులో ఇద్దరు కాదండీ, ముగ్గురున్నారు. మూడోవాణ్ణి నేను."

ఓరిన్ మాట మధ్యలో ఆగిపోయింది. అతను నోరు తెరిచి మాట లేకుండా ఉండటం ఊళ్ళోవాళ్ళు చివరిసారి చూసింది పందొమ్మిదివందల తొంభైల్లో, పన్ను పీకించుకున్నప్పుడు. బల్లమీద పరిచిన కాగితం తిప్పి, జేబులోంచి పెన్సిలు తీసి, నీకెన్ని అన్నట్టు కనుబొమలు ఎత్తాడు.

"సున్నా," అన్నాడు టోబిన్.

ఓరిన్ కాగితం మీద ఇరవై ఎనిమిది వేసి మూడుతో భాగించాడు. తొమ్మిది చిల్లర వచ్చింది. ఎక్కడో తప్పు జరిగిందని మళ్ళీ భాగించాడు. మళ్ళీ తొమ్మిది చిల్లరే వచ్చింది. ఆ చిల్లర కింద పెన్సిలు విరిగేట్టు గీత గీశాడు.

"చూశావా బావా," అన్నాడు. "లోకంలో అందరి పాలల్లో నీళ్ళు పట్టుకోవడం ఈయన ఉద్యోగం. మన క్యానులో మాత్రం బిందెడు గుమ్మరించాడు."

వర్జిల్ బ్రాందీ గ్లాసులోంచి చెర్రీపండు తీసి తిన్నాడు. ఆ తినడంలో కోపం ఉందో లేదో టోబిన్‌కి అంతుబట్టలేదు. పాలైతే రెండు చుక్కలు గాజుపలక మీద వేసి చెప్పేవాడు.

టోబిన్ గడగడా చెప్పుకుపోయాడు. తను కానుకగా అనుకున్నానని, పాయింట్ల సంగతి తెలియదని, తప్పంతా తనదేనని, ఇవాళే ఆఖరిరోజు కాబట్టి ఇప్పుడే, ఈ బల్ల దగ్గరే తప్పుకుంటానని ఫోను తీశాడు. ఓరిన్ ఆ ఫోనుకేసి చూసిన చూపు, ఆకలిగా ఉన్నవాడు చేపకేసి చూసినట్టుంది.

"మూడుతో ఎందుకురా భాగించావు?" అంది డార్లీన్.

ఓరిన్ అక్కకేసి తిరిగాడు.

"నాలుగుతో భాగించు," అంది ఆవిడ, చేతులు తుడుచుకుంటూ. తనూ జనవరిలోనే చేరిందట. ఫ్రిజ్ తనదే, అయస్కాంతం తనదే, చీటీ రాసిన కాగితం కూడా తన కిరాణా పుస్తకంలోంచి చింపిందే, ఇంకెవరిని అడగాలి అంది. ఓరిన్ ఏదో అనబోయాడు. ఆవిడ అననివ్వలేదు.

"ఆ కొండ మ్యాపు పద్నాలుగేళ్ళుగా నా వంటింటి గోడమీదుంది. క్యారెట్లు తరుగుతూ ఆ కొండ నేను ఎన్నిసార్లు ఎక్కి దిగానో మీ ఇద్దరికీ తెలీదు. ఏ వాగు ఎక్కడ మలుపు తిరుగుతుందో కళ్ళు మూసుకుని చెప్తాను. మీరిద్దరూ వెళ్ళొచ్చి నాకు ఫోటోలు చూపిస్తారా?"

ఓరిన్ తలదించుకుని భాగించాడు. ఏడు. ఈసారి చిల్లర కూడా లేదు.

వెనక బల్ల దగ్గర ఎవరో దగ్గారు. చర్చిలో ప్రసంగానికి ముందు దగ్గే తరహా దగ్గు అది. పాస్టరమ్మ సిగ్రిడ్ తన కుర్చీ ఇటు తిప్పుకుని, ఆదివారం దీవెనల గొంతుతో, ఐదుతో భాగించమంది. జనవరిలో కాఫీకి వచ్చినప్పుడు ఆవిడా ఆ చీటీ చూసిందట. పద్నాలుగేళ్ళుగా ఓరిన్ ప్రతి జనవరిలోనూ ప్రార్థనల పెట్టెలో 'ఎల్క్ ట్యాగు' అని చీటీ వేస్తున్నాడట. తను ప్రతి ఏడూ నిష్ఠగా ప్రార్థిస్తోందట. బయట నిలబడి అడుగుతుంటే పని జరగడం లేదు, లోపలికొచ్చి అడిగి చూద్దామని చేరానంది. పాయింట్ల విషయం తనకీ తెలీదని, దైవశాస్త్రంలో సున్నాల గురించి ఎక్కువ చెప్పలేదని అంది.

ఐదు పాయింటు ఆరు. ఓరిన్ పెన్సిలు కింద పెట్టేశాడు. పన్నెండు పౌన్లు తగ్గినవాడు ఇంకో పదిహేను తగ్గిపోయినట్టు కూర్చున్నాడు. ఈ ఊళ్ళో గడువులోగా బుద్ధిగా ఉన్నది జెనెల్ ఒక్కర్తేనని, మేనకోడలంటే అలా ఉండాలని, కన్నీళ్ళు పెట్టుకోబోయాడు.

"ఏడవకు మావయ్యా," అంది జెనెల్. "నేనూ ఫిబ్రవరి గడువు ఆఖరిరోజున ప్రయత్నించాను. జట్టు నిండిపోయిందంది."

ముందుగా నవ్వింది డార్లీన్. తర్వాత పాస్టరమ్మ. టోబిన్‌కి నవ్వు రాలేదు. వారం రోజులు తనని నేలమీద కూర్చుని తిట్టిన మనిషి ఇదే పని చేసిందా అని చూస్తున్నాడు. నీకు పాయింట్లంటే ఏమిటో తెలుసు గదా మరి, తెలిసీ ఎలా చేరబోయావంటే, నాన్న కొండకి వెళ్తుంటే ఇంట్లో ఆవుల్ని చూస్తూ ఎవరు కూర్చుంటారంది, చెవులు ఎర్రబడుతుండగా. ఆ నిండిపోయిన మాట మాత్రం అతని బుర్రలో ఒక మూల గీసుకుంటోంది. పరీక్షనాళికలో రంగు మారాల్సిన చోట మారకపోతే అతనికి అలాగే ఉంటుంది.

"జట్టులో ఆరుగురు పడతారు," అన్నాడు మెల్లిగా. "మనం ఐదుగురమే. ఐదుగురికి నిండదు."

అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఓరిన్ మాత్రం చేప ఎప్పుడొస్తుందా అని వంటింటి తలుపుకేసి చూశాడు, ఎప్పుడూ లేనంత ఆసక్తిగా.

"లొరెట్టా గుండ్రమ్," అన్నాడు వర్జిల్.

ఆ సాయంత్రం ఆయన నోటివెంట వచ్చిన మొదటి రెండు మాటలు అవి.

వర్జిల్ చొక్కాజేబులోంచి ఫోను తీసి, కళ్ళజోడు పెట్టుకుని, ఒక పేజీ తెరిచి బల్ల మధ్యన పెట్టాడు. ఆరు పేర్లు. తెలిసినవి ఐదు. ఆఖరిది లొరెట్టా గుండ్రమ్. రోజూ పొద్దున్నే పాలు పితికాక ఆ పేజీ చూస్తానన్నాడు, మిగతావాళ్ళు పేపరు చదివినట్టు. జనవరి ఇరవయ్యో తారీకు నుంచీ చూస్తూనే ఉన్నాడట.

టోబిన్‌కి చేప వాసన ఒక్కసారిగా దూరమైపోయింది. మూడు నెలలు. మూడు నెలలుగా ఈ మనిషికి తెలుసు. పాలట్యాంకరుతో వచ్చిన ప్రతి రోజూ తన మొహం చూసి 'ఏం ల్యాబ్' అని వెళ్ళిపోయాడే తప్ప ఒక్క మాట అనలేదు.

"తెలిస్తే అప్పుడే ఎందుకు తీసేయమనలేదండీ?" అని అడిగాడు.

వర్జిల్ కళ్ళజోడు తీసి తుడిచాడు. ఆయన ఎప్పుడైనా పదకొండు మాటలు దాటి మాట్లాడితే ఆ ఏడు మొక్కజొన్న బాగా పండుతుందని ఊళ్ళో నమ్మకం.

"పద్నాలుగేళ్ళు ఇంట్లో నా ఎల్క్ అంటే పరాచికం," అన్నాడు. "మే నెల రావడం, ఉత్తరం రావడం, లేదనడం, నవ్వుకోవడం. నేనూ నవ్వేవాణ్ణి. ఒకరోజు పేజీ తీస్తే ముగ్గురున్నారు. మర్నాడు నలుగురు. ఆ తర్వాత ఐదు. లెక్క నాకు తెలీదా? మీ అందరికీ చెప్పేద్దామని రోజూ అనుకున్నాను. రోజూ మళ్ళీ ఆ పేర్లు చదువుకున్నాను. ఎల్క్ కోసం ఎదురుచూడటం నాకలవాటే. నాతో రావాలని ఇంతమంది వరసలో నిలబడటం మాత్రం కొత్త."

డార్లీన్ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఆవిడ మొహం ఎవరికీ కనపడలేదు.

వయోమింగ్ వాళ్ళు నాలుగో వంతు ట్యాగులు పాయింట్లు చూడకుండా కుండలోంచి చీటీ తీసి ఇస్తారని, ఆ కుండలో సున్నాకీ పద్నాలుగుకీ తేడా లేదని వర్జిల్ చెప్పాడు. ఆరుగురికీ ఒకేసారి రావాలంటే మాత్రం అదృష్టం మామూలుది చాలదని కూడా చెప్పాడు. తనొక్కడే అయితే అంతా ఆ కుండమీదే పెట్టేసేవాణ్ణన్నాడు. ఓరిన్‌వీ పద్నాలుగేళ్ళు ఇందులో ఉన్నాయి. అందుకే ఇవాళ్టి దాకా ఆగాడు. ఫోను ఓరిన్ ముందుకి జరిపాడు.

"నువ్వే చెప్పు ఓరిన్. తీసేయమంటే మిగతావాళ్ళంతా ఇక్కడే, ఇప్పుడే తప్పుకుంటారు. నలుగురూ."

"నలుగురూనా?" అన్నాడు ఓరిన్.

"నలుగురూ."

"ముగ్గురు సరిపోదా?"

డార్లీన్ కిటికీమీంచి చూపు తిప్పింది. తమ్ముడు ఏడో తరగతిలో పక్కింటి ఆపిల్‌చెట్టు కొమ్మ విరిచినప్పుడు చూసిన చూపే అది. లొరెట్టా ఎవర్రా అని అడిగింది. ఓరిన్ చెప్పాడు. చెప్పాడనడం కన్నా అతనిలోంచి ముక్కముక్కగా బయటపడింది అనాలి. ఫిబ్రవరికి ముందు లక్రాస్ ఊళ్ళో ఎల్క్ కూతల పోటీకి వెళ్ళాడు. అక్కడ పక్క కుర్చీలో ఆవిడ. నది అవతల అయోవా ఆవిడ. రోడ్లు చదును చేసే యంత్రం నడిపి రిటైరయింది. ఎల్క్ గురించి ఏమీ తెలియనట్టు ఉంది, అన్నీ అడిగి తెలుసుకుంది. గాలి ఎటు వీస్తే ఎటు నిలబడాలో, గొట్టం ఎలా పట్టుకోవాలో తనే నేర్పాడు. పాపం కొత్త, ప్రోత్సాహం ఉండాలి గదా అని నంబరు తనే ఇచ్చాడు. ఒక్క సున్నాతో ఏమవుతుందిలే అనుకున్నాడట. బావకి తర్వాత నచ్చజెపుదామనుకున్నాడట. ఆవిడతో ఆదివారాలు నాలుగుసార్లు భోంచేశాడు. కాదు, ఐదుసార్లు.

టోబిన్‌ని బిందెడు నీళ్ళన్న మనిషి ఇప్పుడు సొంత బిందె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. అయినా టోబిన్‌కి తిరిగి ఒక మాట అనబుద్ధి కాలేదు. ఆ బాధ ఎలా ఉంటుందో వారం నుంచి అతనికి తెలుసు.

"ఇప్పుడెక్కడుంది ఆవిడ?" అని అడిగింది డార్లీన్.

"బయట. కార్లో."

"ఎప్పట్నుంచి?"

"నా రెండో బ్రాందీ అప్పట్నుంచి." ఇవాళ ఆఖరిరోజు గదా, జట్టులో ఎవరెవరున్నారో ఓసారి చూసి వెళ్తానందట. ట్యాగు గ్యారంటీ అని అందరూ సంతోషంగా ఉన్నప్పుడు లోపలికి పిలుద్దామనుకున్నాడట. ఆ సంతోషం ఇంకా రాలేదు.

డార్లీన్ రొట్టెల బుట్ట ఒక చేత్తో, వెన్నగిన్నె ఒక చేత్తో పట్టుకుని బయటికి వెళ్ళింది. స్కోగెన్‌లో వెన్న ఎత్తుకుని వెళ్ళారంటే అది యుద్ధం కాదు, సంధి కూడా కాదు, విచారణ.

అందరూ కిటికీకి అంటుకుపోయారు. పొద్దింకా ఉంది. పార్కింగులో ఆకుపచ్చ కారు అద్దం దిగింది. నెరిసిన జడ, ఎర్ర చొక్కా కనిపించాయి. డార్లీన్ ఏదో అడిగింది. ఆవిడ ఏదో చెప్పింది. డార్లీన్ రొట్టెకి వెన్న రాసి ఇచ్చింది. ఆవిడ తింది. డార్లీన్ నవ్వింది. తర్వాత ఆవిడ ఫోను చూపించి ఇంకేదో చెప్పింది. డార్లీన్ నవ్వు ఆగిపోయింది. బుట్ట కారుమీద పెట్టేసి వెనక్కి వచ్చింది. ఆ వయసులో, ఆ మెట్లమీద, ఆవిడ అంత వేగంగా నడవడం వర్జిల్ పెళ్ళినాడు కూడా చూడలేదు.

వచ్చి కూర్చోలేదు. నిలబడే తమ్ముడికేసి చూసింది.

"ఒరే ఓరిన్. గాలి ఎటు వీస్తే ఎటు నిలబడాలో ఆవిడకి నేర్పావా?"

"నేర్పాను."

"ఆవిడకి పద్దెనిమిది పాయింట్లు."

పాస్టరమ్మ చేయి తనంతట తనే పెన్సిలు అందుకుంది. ఇరవై ఎనిమిదికి పద్దెనిమిది కలిపితే నలభై ఆరు. ఆరుతో భాగిస్తే ఏడున్నర దాటింది. తర్వాత, ఎవరూ అడగకుండానే, మూడుతో భాగించింది. పదిహేను దాటింది. ముగ్గురే ఉంటే, వర్జిల్, ఓరిన్, ఆవిడ, ఆ కొండ వాళ్ళదే. చీటీ అక్కర్లేదు, కుండ అక్కర్లేదు, ప్రార్థన కూడా అక్కర్లేదు. పాస్టరమ్మ ఆ అంకె చుట్టూ సున్నా చుట్టి పెన్సిలు మెల్లిగా దించింది.

ఓరిన్‌కి ఆ లెక్క కనపడలేదు. అతను వేరే లెక్కలో ఉన్నాడు. పద్దెనిమిదేళ్ళు పోగేసుకున్నవాళ్ళు ఏ కొండ అడిగినా వస్తుంది. ఒంటరిగా పెడితే ఆవిడకి ఎదురే లేదు. అలాంటి మనిషి పద్నాలుగు పాయింట్ల వాడి జట్టులో చేరడమంటే, మన ఊళ్ళలో ఉంగరం తొడగడం దాని ముందు ఎందుకూ పనికిరాదు. కూత ఊదడం కూడా ఆవిడకి వచ్చేమో. రానట్టు ఐదు ఆదివారాలు అతని చేత నేర్పించుకుంది.

"నీ కోసం పద్దెనిమిదేళ్ళు నీళ్ళలో కలిపింది," అన్నాడు వర్జిల్. గొంతులో గౌరవం ఉంది.

"ఇంకా కలపలేదు," అంది డార్లీన్. "ఇద్దరితో జట్టు అని చెప్పి పిలిచాడంట. పేజీ తీస్తే ఆరుగురున్నారు. ఈ మిగతావాళ్ళెవరని అడుగుతోంది. వీడు వెళ్ళి ఎదురుగా నిలబడి చెప్పాలంట. ఐదు నిమిషాలు చూస్తానంది. రాకపోతే పేరు వెనక్కి తీసుకుని అయోవా వెళ్ళిపోతుంది. వేలు ఫోనుమీదే ఉంది. నేనొచ్చేసరికే ఒక నిమిషం అయింది."

ఓరిన్ లేచాడు. లేవడం అయితే లేచాడు గానీ, అతను కిటికీవైపు కూర్చున్నాడు. ఇవతల టోబిన్. టోబిన్ లేచి దారివ్వకపోతే అటు కిటికీ, ఇటు బల్ల.

"లే ల్యాబ్," అన్నాడు ఓరిన్.

టోబిన్ లేవలేదు. తను ఎందుకు లేవలేదో అతనికీ ఆ క్షణాన తెలీదు. బల్లమీద కాగితంకేసి చూశాడు. నలభై ఆరు బై మూడు చుట్టూ గీసిన సున్నా కనిపించింది. పక్కనే నలభై ఆరు బై ఆరు. మొదటి దాంట్లో తను లేడు, డార్లీన్ లేదు, పాస్టరమ్మ లేదు. రెండోదాంట్లో ఎల్క్ లేదు. ఈ మనిషి బయటికెళ్ళి ఆవిడకి ఏ లెక్క చెబుతాడో అదే జట్టు. జెనెల్ కాలు ఈసారి తన్నలేదు, అతని కాలికి ఆనుకుని ఆగింది.

"ఓరిన్ గారూ, ఆవిడ అడిగితే ఏం చెప్తారు?" అన్నాడు. గొంతు ఇప్పుడు తనదే. "ఈ సున్నాలు ముగ్గురూ ఎవరంటారు? మావాళ్ళంటారా, పొరపాటున పడ్డవాళ్ళంటారా? అది చెప్పి వెళ్ళండి. అప్పుడు లేస్తాను."

ఓరిన్ వర్జిల్‌కేసి చూశాడు. వర్జిల్ ఆ చూపు అందుకోలేదు. కుర్చీ వెనక్కి వాల్చి, మొదటిసారిగా టోబిన్‌ని తేరిపార చూస్తున్నాడు.

ఓరిన్ నోరు తెరిచాడు.

బయట ఆకుపచ్చ కారు ఇంజను స్టార్టయింది.